పాత యూనికార్న్ ఘాట్‌లో తోకూపుతోంది: వెనక టైరు 120 వెయ్యాలా, 100 చాలా?

సెమిలిగుడ కుర్రోడు

అన్నలందరికీ నమస్కారం. మాది ఒడిశా కోరాపుట్ జిల్లా సెమిలిగుడ. పార్వతీపురంలో ఒకాయన దగ్గర 2009 హోండా యూనికార్న్ బైకు కొన్నాను, ఏపీ 35 నంబరు. 15 ఏళ్లు నిండాక మళ్లీ 5 ఏళ్లకి రిజిస్ట్రేషన్ చేయించే ఇచ్చాడు, కాగితాల్లో పేచీ లేదు. ఇంజను గొంతు ఇంకా కమ్మగానే ఉంది. బాధంతా నడకతోనే.

వారానికి రెండుసార్లు సాలూరు దిగుతాను. సుంకి దాటి ఘాట్‌లో మలుపు తిప్పినప్పుడల్లా వెనకాల ఎవరో సీటు పట్టుకుని ఇటూ అటూ లాగుతున్నట్టు ఉంటాది. కింద సాఫు రోడ్డు మీద కూడా 60 దాటితే మొదలు. వెనక బస్తా ఉందంటే మరీను. ఎడమ మలుపులో ఎక్కువ, కుడి మలుపులో తక్కువ.

వెనక టైరు 100/90-18 (వెడల్పు 100 మిల్లీమీటర్లు, రిమ్ము 18 అంగుళాలు), కంపెనీ సైజే. ముందు 2.75-18, పొడుగు గీతల టైరు. పుల్లల చక్రాలు. టైరు షాపాయన "వెనక 120 వేసీ బాబూ, బండి రోడ్డుకి అతుక్కుపోతాది" అంటున్నాడు. మా బావేమో ఒద్దంటే ఒద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?

సాలూరు గట్టోడు

మీ బావ మాట ఇంటి దగ్గర వినుకో, బండి దగ్గర కాదు. నాదీ యూనికార్నే. 120/80-18 వేసి మూడు వానాకాలాలు వెళ్లిపోనాయి. శుక్రవారం కుందులి సంతకి రెండు బస్తాల సరుకుతో ఎక్కుతాను, సాయంత్రం మంచులో దిగుతాను. బాక్సైటు లారీలు ఎర్రమట్టి రోడ్డు మీదికి లాగీసిన చోట సన్న టైరు బండ్లు ఎలా జారతాయో ఈ కళ్లతో చూసేను. నేల మీద ఎంత రబ్బరుంటే అంత పట్టు, ఇందులో చదువుకోడానికేటుంది? వేసీ తమ్ముడూ.

జయపురం షెడ్డు

మా నాన్న జయపురంలో 30 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నారు, నేను పక్కన పానాలు అందిస్తూ పెరిగాను. తమ్ముడూ, టైరు షాపుకి వెళ్లే ముందు ఒక గంట నీ బండితో గడుపు. తోకూపడం జబ్బు కాదు, జబ్బు పైకి కనబడే తీరు. కొత్త చెప్పులు కొంటే కుంటి కాలు తిన్నగా నడవదు కదా.

డబుల్ స్టాండ్ వెయ్యి. ఎవరినైనా వెనక కూర్చోబెట్టి ముందు చక్రం గాల్లోకి లేపు. హ్యాండిల్‌ని రెండు వేళ్లతో మెల్లగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పు. వెన్నలా తిరగాలి. సరిగ్గా మధ్యలో, బండి తిన్నగా ఉండే చోట, గుంటలో పడ్డట్టు చిన్నగా ఆగిందంటే కోన్ సెట్, అంటే హ్యాండిల్ మెడలో ఉండే బేరింగ్, పోయినట్టే. దానిలోని బాల్స్ ఏళ్ల తరబడి ఒకే చోట కొట్టుకుని, అవి తిరిగే గాడి (రేస్) మీద గుంటలు చేస్తాయి. అలాంటి బండి తిన్నగా పోతున్నంతసేపు బాగానే ఉన్నట్టు ఉంటుంది, చిన్న చిన్న దిద్దుబాట్లకి మాత్రం లొంగదు.

తర్వాత వెనక్కి రా. చక్రాన్ని కాదు, దాన్ని రెండు పక్కలా పట్టుకుని ఉండే స్వింగార్మ్ చివర్ని పట్టుకో. మా దగ్గర దాన్ని చిమటా అంటారు. కుడికీ ఎడమకీ గట్టిగా తోసి లాగు. టక్కుమని చెయ్యికి తగిలిందా, అది ఫ్రేముకి తగులుకునే కీలులోని బుష్‌లు అరిగినట్టు. చక్రాన్ని పట్టుకుని ఊపితే మాత్రం బేరింగ్ ఆటా బుష్ ఆటా కలిసిపోయి ఏది ఏదో తెలీదు, అందుకే విడిగా చూడమన్నది. పుల్లలన్నిటినీ స్పానర్‌తో ఒక్కొక్కటీ తట్టు. బిగువుగా ఉన్నది టింగ్‌మంటుంది, ఒదులైనది డబ్‌మంటుంది. యూనికార్న్‌ది డైమండ్ ఫ్రేమ్, ఇంజను కింద పైపు ఉండదు. ఇంజనే ఫ్రేములో ఒక ముక్క. ఇంజన్ని ఫ్రేముకి బిగించే ఫౌండేషన్ బోల్టులు ఒదులైతే బండి నడుము ఒదులైనట్టే, ఈ సంగతి చాలామంది చూడరు.

ఎడమకి ఎక్కువ, కుడికి తక్కువ అన్నావు చూడు, నా అనుమానం అక్కడే. చైను బిగించినప్పుడు వెనక ఇరుసు దగ్గరుండే గీతలు రెండు పక్కలా సమానంగా పెట్టి ఉండరు. వెనక చక్రం ఓరగా కూర్చుని ఉంటుంది. నూలు దారం తీసుకుని వెనక టైరు చుట్టూ తిప్పి రెండు కొసలూ ముందు టైరు దాకా లాగి చూడు. ముందుది సన్నం కాబట్టి దారానికీ దానికీ రెండు వైపులా ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలు రెండూ సమానంగా ఉండాలి.

ఇక 120 సంగతి. గట్టన్నా, కోపం వద్దు, లెక్క చూడు. 100/90-18 మొత్తం ఎత్తు 637 మిల్లీమీటర్లు. 120/80-18 అయితే 649. బండి వెనక 6 మిల్లీమీటర్లు లేస్తుంది, గేర్లు దాదాపు 2 శాతం బరువెక్కుతాయి. బస్తాలతో ఘాట్ ఎక్కేవాడికి అది లాభమా? అన్నిటికంటే ముఖ్యం రిమ్ము. సన్న రిమ్ములో వెడల్పు టైరు దూరిస్తే దాని రెండు పెదాలూ లోపలికి నొక్కుకుని నడుము ఉబ్బుతుంది. తిన్నగా పోయేటప్పుడు నేలకి తగిలేది ఆ ఉబ్బే. డబ్బు 120కి ఇచ్చి, రోడ్డు మీద నడిపేది మాత్రం 100 చిల్లర. పైగా బరువు. రిమ్ము మీద అచ్చు కొట్టిన నంబరు చదువు. ఆ వెడల్పుకి ఏ టైరు పడుతుందో టైరు కంపెనీల పట్టికల్లో ఉంటుంది.

సాలూరు గట్టోడు

లెక్కలు బాగున్నాయి బాబూ. మరి మూడు వానాకాలాలు నా బండి ఎలా నడిచిందో ఆ లెక్కలో ఎక్కడుంది? ఆ 2 శాతం బరువు నాకు తెలవలేదు, నేనూ రెండో గేరులోనే ఎక్కుతాను, మీరూ రెండో గేరులోనే ఎక్కుతారు. ఒకటి ఒప్పుకుంటాను: చైను కవరుకి రాసుకుంటే కాస్త ఒంచవలసి వచ్చింది. అది తప్ప తేడా లేదు. షెడ్డులో కూర్చుని టైరుని చూడడం వేరు, దుమ్ముగడ్డ మీద బ్రేకు కొట్టడం వేరు.

రాయగడ మాస్టారు

ఇద్దరూ వెనక చక్రం చుట్టూనే తిరుగుతున్నారు నాయనా. ఆ కుర్రాడు ముందు "పొడుగు గీతల టైరు" అని రాశాడు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మలుపు తిప్పేదీ, తడిలో మనల్ని నిలబెట్టేదీ ముందు చక్రమే. ముందు టైరు జారితే దిద్దుకునే వ్యవధి ఉండదు.

బాబూ, ఆ టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి, చూడండి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. గీతలు లోతుగానే ఉన్నా, పదేళ్ల రబ్బరు గోరు గుచ్చితే దిగదు. తడి తారు మీద అది సబ్బుబిళ్ల. వెనక టైరు మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి రాయండి. మధ్యలో బల్లపరుపుగా ఉండి పక్కల్లో అంచు తగులుతోందా? విజయనగరం రోడ్డు మీద తిన్నగా బరువుతో తిరిగిన బండ్లకి అలాగే అరుగుతుంది. వంచినప్పుడు బండి ఆ అంచు మీదికెక్కి ఒక్కసారిగా అవతలికి పడినట్టుంటుంది. దాన్నీ జనం తోకూపడమే అంటారు. అలాంటి చోట కొత్త 100 వేసినా బాగుపడుతుంది, కొత్త 120 వేసినా బాగుపడుతుంది. గట్టోడు గారి అనుభవం అబద్ధం కాదు, అయితే బాగుచేసింది వెడల్పో, కొత్తదనమో ఆయన విడదీసి చూసి ఉండరు.

మీ వెనక టైరు మీద 56పి అని రాసి ఉంటుంది. 56 అంటే 224 కిలోలు మోయగలదని, పి అంటే 150 కిలోమీటర్ల వేగం వరకని. వెనక మీరు ఎంచుకునేది ఏదైనా దీనికి తగ్గకుండా చూసుకోండి. సైజు కలిసింది కదా అని బరువు అంకె తక్కువది అంటగట్టే షాపులుంటాయి, నేను ఒకసారి తెచ్చుకుని అనుభవించాను. గాలి తెల్లారి చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. నేను ఒక్కణ్ణే ఉంటే ముందు 25, వెనక 29, మా ఆవిణ్ణి మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్లే రోజున వెనక ఇంకాస్త. పోల్చి చూసుకోడానికి బండి మీద అంటించిన కాగితం ఉంటే అదే ప్రమాణం.

పర్లాకిమిడి

ఒక్క ముక్క. పుల్లల చక్రం అన్నావు కాబట్టి ట్యూబ్‌లెస్ టైరు కొన్నా లోపల ట్యూబు ఉండాల్సిందే, పుల్లలు రిమ్ముకి బిగిసే నిపుల్స్ దగ్గర గాలి నిలవదు. 120 టైరులో 100 ట్యూబు పెట్టి పంపించేస్తారు, పెట్టె మీద సైజు చదువుకో. పంచరు ఘాట్ మధ్యలో పడినప్పుడు తెలుస్తాది.

సెమిలిగుడ కుర్రోడు

అందరికీ పేరుపేరునా దండాలు. పది రోజులు పట్టింది, వాన వల్ల.

ముందు దారం కట్టేను. మా బావ ఒక కొస, నేను ఒక కొస. కుడి పక్క నా చిటికెన వేలు పట్టింది, ఎడమ పక్క గోరు కూడా పట్టలేదు. చైను గీతలు చూస్తే ఒక పక్క నాలుగో గీత, ఇంకో పక్క అయిదున్నర. పాత యజమాని ఎన్నాళ్లు అలా తిరిగేడో! చక్రం తిన్నగా పెట్టేసరికే ఎడమ మలుపు బాధ సగం పోయింది. షెడ్డన్న నోట్లో పంచదార పొయ్యాలి.

చిమటా కుడికి తోస్తే టక్. విప్పించేను. బుష్ ఒక పక్క అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చీసింది, లోపల గ్రీజు బదులు ఎర్రమట్టి. కోన్ సెట్‌లో మాత్రం గుంట దొరకలేదు. ఫౌండేషన్ బోల్టులు గట్టిగానే ఉన్నాయి. అవన్నీ పోయుంటే బాగుణ్ణని ఆ గంట అనిపించింది, ఎందుకంటే అన్నీ సరిచేశాక కూడా ఒంపులో ఆ అంచెక్కడం కొంచెం ఉండిపోయింది.

మాస్టారు చెప్పినట్టు అరచెయ్యి పెట్టేను. మధ్యలో పీటలా ఉంది. ముందు టైరు అంకె 3114. పదేళ్లు దాటిందే!

రిమ్ము మీద 2.15 అని ఉంది, అంటే అంగుళాల్లో వెడల్పు, 120కి అది చాలదని పట్టికలో చూసేను. అందుకని వెనక 100/90-18 కొత్తదే. ముందు 2.75-18 సైజులోనే, కానీ గీతలది కాకుండా గళ్లది. 80/100 వేసుకోమన్నారు, మీటరు ముందు చక్రం మీద నడుస్తాది కాబట్టి తక్కువ చూపిస్తాదని ఒద్దన్నాను. కొత్త రబ్బరు మెరుపు పోయేదాకా మొదటి వంద కిలోమీటర్లూ నత్తలా నడిపేను. నిన్న పొట్టంగి దగ్గర మంచు, తడి రోడ్డు, వెనక ఉల్లిపాయల బస్తా. బండి చెప్పిన మాట వింది.

సాలూరు గట్టోడు

వింటాది, బస్తా ఒక్కటేగా. రెండు వేసి రా కుందులికి. నాది 120, నీది 100, ఇద్దరం కలిసి దిగుదాం. కింద సాలూరులో టీ ఎవరు తాగిస్తారో అక్కడ తేలుతాది.

సెమిలిగుడ కుర్రోడు

వస్తాను అన్నా, ఈ శుక్రవారమే. దిగేముందు నీ రిమ్ము మీద నంబరు నన్ను చదవనివ్వాలి మరి.

సాలూరు గట్టోడు

మట్టి పట్టీసింది, కనబడదు.