అప్‌డేట్: టెనర్ శాక్సోఫోన్ తీసేసుకున్నా

మొన్న అడిగాను కదా, యమహా కస్టమ్ 82జెడ్, యానగిసావా డబ్ల్యూఓ2, సెల్మర్ రిఫరెన్స్ 54, ఈ మూడు ప్రొఫెషనల్ టెనర్లలో టోన్‌కి ఏది బాగుంటుంది, వాయించడానికి ఏది హాయిగా ఉంటుంది అని. మూడూ వాయించి చూశా. మీరు చెప్పినట్టే నా మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకుని ఊదే ముక్క), దానికి బిగించే నా రీడ్లే (ఊదితే కంపించే పల్చటి పుల్లలు) పట్టుకెళ్లా, చాలా మంచి సలహా అండీ అది, మౌత్‌పీస్ మారితే సౌండే మారిపోతుంది, ఇంక హార్న్‌ని (అదే, శాక్సోఫోన్‌ని) ఏం పోలుస్తాం.

82జెడ్ ఊదగానే పలికేస్తుంది, సౌండ్ బ్రైట్‌గా ముందుకొస్తుంది. రిఫరెన్స్ 54 అయితే 1954లో వచ్చిన సెల్మర్ వాళ్ల పాత మోడల్ మార్క్ సిక్స్‌ని దృష్టిలో పెట్టుకుని చేసింది కదా, మధ్య స్వరాల్లో ఆ నిండు గొంతు వింటుంటే అసలు కింద పెట్టబుద్ధి కాలేదు, రెండు రోజులు మనసు దాని మీదే ఉంది.

కానీ చివరికి తీసుకుంది డబ్ల్యూఓ2. దాని బాడీ బ్రాంజ్‌ది, నా చెవికి టోన్ వెచ్చగా అనిపించింది. కింది బి ఫ్లాట్, అంటే ఈ హార్న్‌లో అన్నిటికన్నా కింది స్వరం, గుసగుసలా ఊదా, మామూలుగా అక్కడ నాకు స్వరం పగిలి పై ఆక్టేవ్‌కి (పై స్థాయికి) ఎగిరిపోతుంది, ఇందులో మాత్రం మూడుసార్లు ఊదితే మూడుసార్లూ మెత్తగా పలికింది. ఎడమ చిటికెన వేలు కీలు కూడా నా చిన్న చేతులకి భలే అందాయి.

అన్నట్టు నా పాత హార్న్ లోపల లైట్ పెట్టి చూపించారు, జి షార్ప్ ప్యాడ్ (ఆ స్వరం రంధ్రాన్ని మూసే మెత్త) అంచున సన్నటి గీతలా వెలుతురు, అంటే అక్కడ గాలి లీకవుతోందన్నమాట! ఇన్నాళ్లూ కింది స్వరాలు రాకపోతే తప్పు నా ఊపిరిదే అనుకున్నా. దానికి ప్యాడ్ మార్పించడానికి ఇచ్చేశా.