జులై 5 కార్యక్రమం: శుక్రవారం లోపు తేలాల్సిన పనులు

శ్రీలత, బుధవారం రాత్రి 9:10
మెమెంటోల ఆర్డర్, బిర్యానీ ట్రేల లెక్క, యార్క్‌టౌన్ బ్యాక్‌డ్రాప్ ప్రింటింగ్, పిల్లల నాటకం స్క్రిప్టు. ఎవరి పని దగ్గర వాళ్ళు పేరు రాయండి, ప్లీజ్.

కిరణ్, 9:25
అక్కా, అవన్నీ కాసేపు పక్కన పెట్టాలి. ఇప్పుడే మెయిల్ వచ్చింది. ఆడిటోరియం ఇవ్వరట. అమెరికా 250 ఏళ్ళ వేడుకలకి వాళ్ళకే కావాలట. డిపాజిట్ వెనక్కి ఇస్తామన్నారు. మనకి ఉన్నది పదకొండు రోజులు.

పద్మజ, 9:31
ఇన్సూరెన్స్ కాగితం సమయానికి పంపావా? అది ఉంటే ఇలా తీసేసేవాళ్ళా?

కిరణ్, 9:34
గడువు మే 15, నేను పంపింది 20న. నిజమే. కానీ మార్చి నుంచి ఆ హాలు వాళ్ళతో మాట్లాడుతున్నది నేనొక్కడినే. ఒక్కరైనా ఏమైందని అడిగారా?

మూర్తి గారు, 9:50
ఇప్పుడు ఎవరినీ అనుకుని లాభం లేదు. చోటు వెతకండి.

వేణు, గురువారం మధ్యాహ్నం 1:15
ఆరు చోట్ల అడిగాను. 4న ఫిలడెల్ఫియాలో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మ్యాచ్ కూడా ఉంది, ఆ వారాంతం ఎక్కడా ఖాళీ లేదు. దొరికింది గుడి కింద హాలు ఒక్కటే. 2 దాకా ఎవరిదో ఉపనయనం, 3 నుంచి 6 దాకా మనకి. స్టేజీ, లైట్లు లేవు. సీలింగ్ తక్కువ, బ్యాక్‌డ్రాప్ పట్టదు. బిర్యానీ కుదరదు.

శ్రీలత, 1:40
తీసుకుందాం. నాటకం మాత్రం పావుగంటకి కుదించాలి. ఆ బానిస అమ్మాయి ఓనా జడ్జ్ సీన్ తీసేద్దాం పద్మజా. పండగ రోజు, చిన్నపిల్లలు. పైగా మనకి సంబంధం లేని గొడవ.

పద్మజ, 2:05
అది తీసేస్తే నాటకమే వద్దు.

పోయిన ఆదివారం రిహార్సల్ అయ్యాక పిల్లల్ని సిక్స్త్ అండ్ మార్కెట్ దగ్గరకి తీసుకెళ్ళాను. వాషింగ్టన్ అధ్యక్షుడిగా ఉన్న ఇల్లు అక్కడే ఉండేది, లిబర్టీ బెల్‌కి నాలుగు అడుగుల్లో. ఆ ఇంట్లో బానిసలుగా బతికిన తొమ్మిది మంది పేర్లు గోడకి చెక్కి ఉన్నాయి. అప్పటి పెన్సిల్వేనియా చట్టం ప్రకారం, బయట నుంచి తెచ్చిన బానిస ఆరు నెలలు ఇక్కడే ఉంటే విడుదల కోరవచ్చు. అందుకని గడువు నిండకముందే వాళ్ళని రాష్ట్రం దాటించి మళ్ళీ తెచ్చుకునేవారు. ఇది చెప్తుంటే మా చిన్నది ఓనా పేరు మీద వేలు పెట్టి, "ఆ రోజులు ఎవరు లెక్కపెట్టేవాళ్ళమ్మా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

1796 మే 21న, ఇంట్లోవాళ్ళు భోజనాలు చేస్తుండగా ఓనా బయటికి నడిచింది. పట్టిస్తే పది డాలర్లని పేపర్లో ప్రకటన వేశారు. వెనక్కి తీసుకెళ్ళలేకపోయారు. 1848లో న్యూహాంప్‌షైర్‌లో పోయేదాకా చట్టం లెక్కలో ఆమె బానిసే.

సంబంధం లేదంటావా? 1790లో వాషింగ్టన్ సంతకం పెట్టిన చట్టమే పౌరసత్వం "స్వేచ్ఛ గల తెల్లవారికి" అంది. ఆ మాట పట్టుకునే 1923లో ఇక్కడి సుప్రీం కోర్టు మన దేశం నుంచి వచ్చిన భగత్ సింగ్ థింద్‌కి పౌరసత్వం కాదంది. 1946లో గానీ మనవాళ్ళకి ఆ దారి తెరుచుకోలేదు. పోయిన నెల నువ్వు ప్రమాణం చేసి జెండాతో ఫోటో పెట్టావు, చూసి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ తలుపు ఎన్నాళ్ళు మూసి ఉందో పిల్లలకి మనం కాకపోతే ఎవరు చెప్తారు?

శ్రీలత, 3:30
ఇంత గట్టిగా చెప్పాలా అనిపించింది, బాధ కూడా వేసింది. కానీ 1923 సంగతి నాకు తెలియదు. సీన్ ఉంచు.

మూర్తి గారు, 4:10
నా కార్న్‌వాలిస్ సీన్ తీసేయండి. బ్యాక్‌డ్రాప్ లేకుండా యార్క్‌టౌన్ నిలబడదు. 1781లో అక్కడ ఓడిపోయిన ఆ బ్రిటిష్ సేనానే 1793లో బెంగాల్లో జమీందారీ శిస్తు ఖాయం చేశాడు, 1802 నుంచి అది మన ఉత్తర సర్కారులకీ వచ్చింది. మా తాత ఆ జమీందారీ కింద రైతే. ఈ ముక్క సీన్ల మధ్య నిలబడి రెండు నిమిషాల్లో చెప్తాను, అంతే.

పద్మజ, 4:22
మూర్తి గారూ, మూడు నిమిషాలు తీసుకోండి. కిరణ్, రాత్రి నీ మీద విసుక్కున్నాను. తప్పు నాదే.

కిరణ్, 4:40
పర్లేదు అక్కా. గుడి వంటవాళ్ళతో మాట్లాడాను, పులిహోర, దద్దోజనం, కేసరి. 150 మందికి చేస్తారు.

వేణు, 5:05
ఒక్క మాట. చెప్పులు గుమ్మం బయటే. సైనికుల బూట్లు కుదరవు.

పద్మజ, 5:12
వాషింగ్టన్ కూడా సాక్సులతోనే వస్తాడు. గుడి మడత టేబుల్ భోజనం బల్ల అవుతుంది. ఓనాకి ఒక మూట కావాలి.

శ్రీలత, 5:20
మా అత్తగారి పాత మంగళగిరి చీర ఉంది, మూట కట్టడానికి అది తెస్తాను. రిహార్సల్ ఎక్కడ?

పద్మజ, 5:21
శనివారం పదింటికి, మా గరాజ్‌లో.