తెలుగు పేర్ల జాబితాను వర్డ్‌లో అక్షర క్రమంలో పెట్టడం ఎలా?

పూర్వ విద్యార్థి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా జిల్లా పరిషత్ హైస్కూల్ పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి చిన్న డైరెక్టరీ వేస్తున్నాం. పేరు, బ్యాచ్, ఇప్పుడు ఉంటున్న ఊరు, ఫోన్ నంబరు, అంతే. వాట్సాప్‌లో ఎవరికి తోచినట్టు వాళ్లు పంపారు. అవన్నీ వర్డ్ ఫైల్లో ఒకదాని కింద ఒకటి అతికించాను. ఆరు వందల పైచిలుకు పేర్లున్నాయి. అక్షర క్రమంలో ఉండాలని కమిటీ పెద్దలు పట్టుబట్టారు.

మొత్తం సెలెక్ట్ చేసి సార్ట్ నొక్కితే పైన పేజీల కొద్దీ ఖాళీ లైన్లు వచ్చాయి. తర్వాత ఫోన్ నంబర్లన్నీ ఒకచోట, ఊళ్లూ పేర్లూ కలగలిసి ఇంకోచోట. సగం మంది మగవాళ్లు 'శ్రీ' దగ్గర, ఆడవాళ్లు 'శ్రీమతి' దగ్గర గుంపు కట్టారు. చేత్తో కట్ చేసి పేస్ట్ చేసుకోవడం తప్ప దారి లేదా? వచ్చే వారం ప్రెస్సుకి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

డీటీపీ పని చేసే సభ్యుడు

కంగారు పడకండి సార్, గంటలో అయ్యే పని. ముందు కంట్రోల్ జెడ్ కొట్టి పాత వరసకు వెళ్లండి. ఫైలుకి ఇంకో కాపీ తీసి, ఆ కాపీ మీదే పని చేయండి.

వర్డ్‌కి 'మనిషి' అంటే ఏమిటో తెలియదు, పేరా ఒక్కటే తెలుసు. మీరు ఎంటర్ కొట్టిన ప్రతిచోటా దాని లెక్కలో ఒక పేరా అయిపోతుంది. ఒక్కో మనిషి వివరాలు నాలుగు లైన్లలో ఉంటే అది నాలుగు వేరువేరు పేరాలుగా తీసుకుని దేనికది చెల్లాచెదురు చేస్తుంది. అందుకని ముందు ఒక మనిషిని ఒక లైనులోకి తేవాలి.

మనిషికీ మనిషికీ మధ్య ఒక ఖాళీ లైను ఉందనుకుంటున్నాను. కంట్రోల్ హెచ్ నొక్కితే ఫైండ్ అండ్ రీప్లేస్ వస్తుంది. మోర్ నొక్కి, కింద స్పెషల్‌లో పేరాగ్రాఫ్ మార్క్ అనే దాన్ని రెండుసార్లు ఎంచుకోండి. దాని బదులు రెండు హ్యాష్ గుర్తులు పెట్టి రీప్లేస్ ఆల్ కొట్టండి. రెండోసారి, ఒక్క పేరాగ్రాఫ్ మార్క్ వెతికి దాని స్థానంలో ట్యాబ్ క్యారెక్టర్ పెట్టండి. మూడోసారి, ఆ రెండు హ్యాష్‌లను తిరిగి పేరాగ్రాఫ్ మార్క్‌గా మార్చండి. ఇప్పుడు ఒక మనిషి ఒక లైనులో ఉంటాడు, వివరాల మధ్య ట్యాబ్ ఉంటుంది. ఇక ఇన్సర్ట్ ట్యాబ్‌లో టేబుల్ కింద కన్వర్ట్ టెక్స్ట్ టు టేబుల్ అని ఉంటుంది. అందులో ట్యాబ్స్ ఎంచుకుని ఓకే అంటే నాలుగు కాలమ్‌ల పట్టిక తయారు.

ఎవరైనా ఊరు రాయకుండా వదిలేసి ఉంటే ఆ వరసలో ఫోన్ నంబరు ఊరి గడిలోకి జరిగిపోతుంది. ఫోన్ కాలమ్ ఒక్కటి పైనుంచి కిందికి చూసుకుంటే అవన్నీ దొరికిపోతాయి.

పూర్వ విద్యార్థి

అన్నా, ఆ ఫైలు వదిలేసి వాట్సాప్ నుంచి అన్నీ కొత్త ఫైల్లో మళ్లీ పేస్ట్ చేసి, మీరు చెప్పినట్టే చేశాను. మొదటి రీప్లేస్‌లోనే సున్నా మార్పులు అని వచ్చింది.

డీటీపీ పని చేసే సభ్యుడు

అయితే అవి ఎంటర్లు కావు. హోమ్ ట్యాబ్‌లో తిరగేసిన పీ లాంటి గుర్తు ఒకటి ఉంటుంది, అది నొక్కండి. లైను చివర అదే గుర్తు కనిపిస్తే పేరా. ఎడమకు వంగిన బాణం కనిపిస్తే షిఫ్ట్ ఎంటర్‌తో విరిగిన లైను. వేరే చోట నుంచి తెచ్చి పేస్ట్ చేసినప్పుడు ఈ బాణాలు తరచూ వస్తుంటాయి. స్పెషల్‌లోనే మాన్యువల్ లైన్ బ్రేక్ అని ఉంటుంది, దాన్ని పేరాగ్రాఫ్ మార్క్‌గా మార్చేసి, మళ్లీ మొదటి నుంచి రండి.

లైబ్రరీలో పనిచేసిన సభ్యురాలు

పట్టిక అయిపోయినా వెంటనే సార్ట్ చేయకండి బాబూ. మీ అసలు చిక్కు పేర్లలో ఉంది. శ్రీ, శ్రీమతి, డా., కీ.శే. ఇవన్నీ పేరులో భాగం కాదు కదా. వాటిని తీసేయండి, లేదంటే వేరే కాలమ్‌లోకి మార్చండి.

'శ్రీ' అని వెతికి రీప్లేస్ ఆల్ మాత్రం కొట్టకండి. శ్రీనివాసులు కాస్తా నివాసులు అవుతాడు. 'శ్రీ' తర్వాత స్పేస్ పెట్టి వెతికినా జయశ్రీ, రాజశ్రీ లాంటి పేర్ల తోక తెగుతుంది. పట్టిక చేయకముందు, లైన్లుగా ఉన్నప్పుడే, పేరాగ్రాఫ్ మార్క్, దాని వెంటనే శ్రీ, ఆ వెంటనే స్పేస్, ఈ మూడూ కలిపి వెతకండి. దాని బదులు ఒక్క పేరాగ్రాఫ్ మార్క్ పెట్టండి. అప్పుడు లైను మొదట్లో ఉన్న శ్రీ మాత్రమే పోతుంది. ఫైల్లో మొట్టమొదటి లైనుకి ముందు పేరా గుర్తు ఉండదు కాబట్టి అదొక్కటి చేత్తో దిద్దుకోవాలి.

ఇక పొడి అక్షరాల సంగతి. 'కె. వెంకటరావు' అని పంపినవాళ్లు ఉంటారు. ఆయన ఇంటిపేరు కొండపల్లి అయినా కాకర్ల అయినా యంత్రం మాత్రం 'కె' దగ్గరే పెడుతుంది. అదే ఇంటిపేరు పూర్తిగా రాసిన వాళ్ల అన్నదమ్ముడు 'కొ' దగ్గర ఉంటాడు. ఇంటిపేరు పూర్తిగా రాబట్టండి, లేదా ఇంటిపేరుకు ఒక కాలమ్, పేరుకు ఒక కాలమ్ చేయండి. నా సలహా రెండోది. బడిలో మనం ఒకరినొకరం పిలుచుకున్నది పేరుతోనే, డైరెక్టరీలో వెతికేదీ పేరుతోనే.

పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడపిల్లలను మర్చిపోవద్దు. తోటివాళ్లకు తెలిసింది హాజరు పట్టీలో ఉన్న ఇంటిపేరే. ఇప్పటి ఇంటిపేరు ఒక్కటే వేస్తే ఆ పుస్తకంలో వాళ్లు ఎవరికీ దొరకరు. రెండూ వేయండి.

పూర్వ విద్యార్థి

చాలా మంచి మాట చెప్పారమ్మా, ఇది కమిటీలో ఎవరికీ తట్టలేదు. పేరు కాలమ్ వేరు చేశాను. ఇప్పుడు సార్ట్ ఎక్కడ?

డీటీపీ పని చేసే సభ్యుడు

పట్టికలో ఎక్కడైనా కర్సర్ పెట్టి, హోమ్ ట్యాబ్‌లోనే ఏ మీద, జెడ్ కింద, పక్కన బాణం ఉన్న బటన్ నొక్కండి. మొదటి వరసలో పేరు, ఊరు అని శీర్షికలు పెట్టి ఉంటే హెడర్ రో ఎంచుకోవాలి. లేకపోతే 'పేరు' అనే మాట కూడా ప-లో ఒక మనిషై కూర్చుంటుంది. సార్ట్ బై దగ్గర పేరు, కింద దెన్ బై దగ్గర ఇంటిపేరు, ఆ కింద ఇంకో దెన్ బై దగ్గర బ్యాచ్. మూడు మెట్ల వరకు ఇవ్వొచ్చు. మీ బడిలో శ్రీనివాస్‌లు ఎంతమంది ఉన్నా అప్పుడు వరసలో ఉంటారు. పేరుకి టైప్ టెక్స్ట్, బ్యాచ్‌కి నంబర్. ఆప్షన్స్‌లో సార్టింగ్ లాంగ్వేజ్ అని ఉంటుంది, అక్కడ తెలుగు పెట్టండి.

ఇదంతా చేసేముందు వరస సంఖ్యల కాలమ్ ఒకటి పెట్టుకోండి. ఏదైనా బెడిసికొడితే ఆ కాలమ్‌ను నంబర్‌గా సార్ట్ చేసి పాత వరసకు వచ్చేయొచ్చు.

రిటైర్డ్ తెలుగు పండిట్

సార్ట్ అయ్యాక ఒకసారి నింపాదిగా చదవండి నాయనా. కృష్ణ అని రాసినవాడు కూ తర్వాత, కె కంటే ముందు వస్తాడు. అది గుణింతం ప్రకారం సరైన చోటే. క్రిష్ణ అని రాసినవాడు కౌ దాటి, క్రాంతి పక్కన తేలతాడు. ఇద్దరి పేరూ ఒకటే, ఒకడు వట్రసుడి పెట్టాడు, ఇంకొకడు క్రావడి పెట్టాడు. వెంకట, వేంకట సంగతీ అంతే. ఎవరి పేరు వాళ్లు రాసుకున్నట్టే ఉంచాలనుకుంటే ఉంచండి, కానీ కనబడని పేరు కోసం ఫోన్లు వస్తాయి, సిద్ధంగా ఉండండి.

ఇంకో దొంగ ఉంది. తెలుగు అంకెల్లోని సున్న, పూర్ణానుస్వారం చూడడానికి ఒకేలా ఉంటాయి. కంప్యూటర్‌కి మాత్రం రెండూ వేరు. 'రంగారావు'లో సున్న బదులు అంకె పడితే ఆ పేరు మిగతా రంగారావుల దగ్గరికి చేరదు. తెలుగు అంకె సున్నను ఫైండ్‌లో వెతికి అనుస్వారంగా మార్చేయండి. ఫోన్ నంబర్లు తెలుగు అంకెల్లో ఎవరూ రాసి ఉండరు కాబట్టి ప్రమాదం లేదు.

బడిలో మనం 'శ ష స హ ళ క్ష ఱ' అని చదివాం. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పట్టికలో మాత్రం ఱ-ని ర పక్కన, ళ-ని ల పక్కన పెట్టారు. సున్న అచ్చుల కంటే కూడా ముందుంది. మనకేమో గుణింతంలో కౌ తర్వాతే కం. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ పట్టిక సంఖ్యల ప్రకారం పోతాయి, కొన్ని వర్ణమాల వరసను పాటిస్తాయి. మీది ఏ రకమో తెలుసుకోవాలంటే కమల, కౌసల్య, కంచన, కవిత, కళ అని ఐదు పేర్లు కొత్త ఫైల్లో కొట్టి సార్ట్ చేయండి. కంచన మొదటికొచ్చిందా, కవిత కంటే ముందు కళ వచ్చిందా చూస్తే తేలిపోతుంది. డైరెక్టరీకి ఏ వరసైనా ఫరవాలేదు, పుస్తకమంతా ఒకటే ఉండాలి. క్ష-ని విడిగా చివర పెట్టాలని నేను పట్టుబట్టను. క కింద ఉంటేనే వెతికేవాళ్లకు సులువు.

పూర్వ విద్యార్థి

మాస్టారూ, నమస్కారం. కళ ముందొచ్చింది, అలాగే ఉంచేస్తున్నాను. క్రిష్ణలు చాలామందే దొరికారు. ఒకే ఒక్క సమస్య మిగిలింది. పాత బ్యాచ్‌ల పేర్లు మాకు పదేళ్ల కిందటి సావనీరు ఫైల్లో ఉన్నాయి. వర్డ్‌లో తెరిచి ఆ ఫాంట్ పెడితే తెలుగులోనే కనిపిస్తున్నాయి, కానీ సార్ట్ చేస్తే తలా తోకా లేదు. ర తర్వాత గ, దాని తర్వాత మళ్లీ ర.

డీటీపీ పని చేసే సభ్యుడు

అది అను ఫాంటో, శ్రీలిపో అయి ఉంటుంది. పేజ్‌మేకర్ కాలం నుంచీ ప్రెస్సుల్లో నడిచేవి అవే. ఫాంట్ మార్చి చూడండి, పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. లోపల ఉన్నవి నిజంగా అవే. తెలుగు అక్షరం బొమ్మను ఇంగ్లిష్ అక్షరం స్థానంలో కూర్చోబెట్టారు, కంప్యూటర్ ఆ ఇంగ్లిష్ అక్షరాల వరసనే పాటిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌తో మార్చి, ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో ఒకసారి చదివి, అప్పుడు మీ పట్టికలో కలిపి మొత్తం కలిపి సార్ట్ చేయండి.

మీ ప్రెస్సువాళ్లు మళ్లీ అను ఫాంట్‌లోకి మార్చుకుంటామంటే మార్చుకోనివ్వండి. వరస మార్చాల్సి వస్తే మాత్రం మీ యూనికోడ్ ఫైల్లోనే మార్చి ఇవ్వండి, అక్కడ సార్ట్ చేయమని చెప్పకండి.

లిబ్రేఆఫీస్ వాడే సభ్యుడు

వర్డ్ లేనివాళ్ల కోసం రాస్తున్నాను. లిబ్రేఆఫీస్ రైటర్‌లో టూల్స్ మెనూలో సార్ట్ ఉంది. అక్కడా మూడు మెట్లు, భాష ఎంపిక ఉన్నాయి. గూగుల్ డాక్స్‌లో మామూలు లైన్లకు ఇలాంటి బటన్ లేదు కాబట్టి షీట్స్‌లో పేస్ట్ చేసి, అక్కడ సార్ట్ చేసి వెనక్కి తెచ్చుకోవడం మేలు. షీట్స్‌లోకైనా ఎక్సెల్‌లోకైనా తీసుకెళ్లేటప్పుడు ఫోన్ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే నంబరు ముందున్న సున్నా పోతుంది. ఎక్సెల్‌లో అయితే 91తో మొదలయ్యే పన్నెండంకెల నంబరు గణితంలో వచ్చే ఘాత సంఖ్యలా మారి కనిపిస్తుంది.

పూర్వ విద్యార్థి

అయిపోయింది! పాత బ్యాచ్‌లతో సహా అన్నీ ఒకే వరసలోకి వచ్చాయి. పేజీల్లో అ, ఆ, క అని పెద్ద అక్షరాలతో శీర్షికలు పెట్టమంటున్నారు, ఇప్పుడే పెట్టేయనా?

డీటీపీ పని చేసే సభ్యుడు

వద్దు సార్. ఆలస్యంగా పంపేవాళ్లు ఇంకా ఉంటారు. వాళ్లను పట్టిక చివర చేర్చి మళ్లీ సార్ట్ చేస్తే ఆ శీర్షికలు కూడా పేర్లలా వరసలో కలిసిపోతాయి. గడువు తేదీ ఒకటి చెప్పేసి, ఆ రోజు ఆఖరి సార్ట్ కొట్టి, ప్రెస్సుకి పంపేముందు పెట్టండి.