టైటానిక్‌లో తెప్పలు కట్టి ఉంటే జనం బతికేవాళ్లా?

సోమశిల ఘాట్:
1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి మంచుకొండ తగిలింది, ఓడ పూర్తిగా మునిగింది 2:20కి. రెండు గంటల నలభై నిమిషాలు! ఓడలో ఉన్నది దాదాపు 2,200 మంది, పడవల్లో చోటు 1,178 మందికే. తలుపులు, బల్లలు, డెక్ కుర్చీలు, తాళ్లు ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి. మా దగ్గర కృష్ణలో చేపలు పట్టేవాళ్లు థర్మకోల్ ముక్కలు కట్టి దాని మీదే కూర్చుని వల వేస్తారు. అంత పెద్ద ఓడలో ఆ మాత్రం తెప్పలు కట్టలేకపోయారా? 1,500 మంది పోయారన్నా, నాకైతే మనసొప్పదు.

మిర్యాలగూడ మెకానిక్:
తమ్మీ, థర్మకోల్ వేరు, చెక్క వేరు. మన ఇంటి టేకు తలుపే తీసుకో, రెండు మీటర్ల ఎత్తు, 90 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం. పూర్తిగా మునిగితే 90 లీటర్ల నీళ్లను తోస్తుంది, కానీ దాని బరువే 60 కిలోల దాకా ఉంటుంది. మిగిలింది 30 కిలోలు. అంటే ఒక్క మనిషి నీళ్లు తగలకుండా పైన ఉండాలంటే రెండు తలుపులు కూడా చాలవు. వెయ్యి మందికి లెక్క వేసుకో, అన్ని తలుపులు మడతబందుల నుంచి ఊడదీసి, కట్టి, కిందికి దించేది ఎవరు?

సోమశిల ఘాట్:
మొత్తం పైన ఎందుకన్నా, పట్టుకుని తేలితే చాలదా? బేకరీ పెద్ద ఛార్లెస్ జౌగిన్ డెక్ కుర్చీలు నీళ్లలో పడేశానని విచారణలో చెప్పాడు కదా, జనం పట్టుకుంటారనే కదా పడేసింది.

పానగల్ కట్ట:
తేలడం అసలు సమస్యే కాదు తమ్మీ, చాలామందికి కార్క్ బెల్టులు ఉన్నాయి, వాళ్లు తేలుతూనే చచ్చిపోయారు. ఆ నీళ్లు సున్నా కంటే రెండు డిగ్రీలు తక్కువ, అందులో మనిషి అరగంట నిలవడం కష్టం. కాపాడడానికి కార్పేథియా ఓడ వచ్చేసరికి తెల్లవారుజామున నాలుగైంది. కాబట్టి ఒళ్లు నీళ్లలో లేకుండా గంటన్నర పైన ఆపగలిగిందే తెప్ప, పట్టుకుని వేలాడేది తెప్ప కాదు. దీనికి సాక్ష్యం ఆ రాత్రే ఉంది. బి నంబరు మడత పడవ (గుడ్డ అంచులు పైకి లేపి వాడే పడవ) తలకిందులుగా నీళ్లలో పడింది. లైటాలర్ అనే ఆఫీసరుతో పాటు దాదాపు ముప్పై మంది దాని వీపు మీద తెల్లారేదాకా నిలబడి బతికారు, కొందరు చలికి జారిపోయారు కూడా. చెక్కముక్క మీద పడుకున్న ఒక చైనా ప్రయాణికుడిని 14వ నంబరు పడవ వాళ్లు వెనక్కి వచ్చి తీసుకున్నారు. కాబట్టి తెప్పతో ఎవరూ బతకరు అనే మాట నేను ఒప్పుకోను. కొన్ని పదుల మంది తప్పకుండా బతికేవాళ్లు. 1,500 మంది మాత్రం కాదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి. మొదట దిగిన 7వ నంబరు పడవలో 65 మందికి చోటుంటే 28 మందే ఎక్కారు. ఒకటో నంబరులో 40 మందికి గాను 12 మంది! మొత్తం మీద నాలుగు వందల పైన సీట్లు ఖాళీగా పోయాయి. కొత్త తెప్ప కట్టడం కన్నా అవి నింపడం తేలిక కదా. ఓడ మునుగుతుందని జనానికి గట్టిగా చెప్పలేదు, వెలుతురున్న డెక్కు వదిలి చీకట్లో చిన్న పడవెక్కడానికి వాళ్లకు ధైర్యం రాలేదు.

మిర్యాలగూడ మెకానిక్:
సరిగ్గా చెప్పావన్నా. ఇంకోటి, ఎ, బి మడత పడవలు రెండూ తయారుగా ఉన్న తెప్పల్లాంటివే, వాటినే టైముకు దించలేకపోయారు. ఎ పడవకు గుడ్డ అంచులు పైకి లేపడం కూడా కుదరలేదు, అందులో ఎక్కినవాళ్లు మోకాళ్ల లోతు నీళ్లలో ఉన్నారు, కొందరు అక్కడే పోయారు. ఉన్నవాటికే చేతులు చాలలేదు, కొత్తవి ఎవరు కడతారు?

సోమశిల ఘాట్:
నావికులే కట్టాలని ఎక్కడుంది అన్నా? ఆ రెండూ ఆఫీసర్ల గదుల కప్పు మీద పెట్టారు, అందుకే లేటయ్యింది. కింద వందలమంది వంటవాళ్లు, సర్వర్లు, పనిచేసే వయసున్న ప్రయాణికులు ఉన్నారు. పన్నెండున్నరకే నిజం చెప్పి, తాళ్లు చేతికిచ్చి, మిగిలిన కార్క్ బెల్టులు కుర్చీల కింద కట్టమంటే కట్టేవాళ్లు. పదుల మందే అంటున్నావు, ఆ పదుల మంది కోసమైనా మొదలుపెట్టాల్సింది.