పాత కంప్యూటర్ల మీద మమకారంలో నిజమెంత?

నల్లకుంటవాసి: రాతపనికి వర్డ్‌స్టార్, లెక్కల పట్టికలకు లోటస్ 1-2-3, డేటాబేసులకు ఫాక్స్‌ప్రో వాడి పనిచేసినవారు ఏ ఇద్దరు కలిసినా ‘అప్పటి సాఫ్ట్‌వేరే సాఫ్ట్‌వేరు’ అంటున్నారు. ఆ మాటలో నిజమెంత, గడిచిపోయిన వయసు మీద బెంగ ఎంత? సభ్యులు కారణాలతో చెప్పవలసిందిగా మనవి.

పాతకాపు: నిజమే ఎక్కువ. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ వేగం 4.77 మెగాహెర్ట్జ్, విండోస్‌కు ముందు నడిచిన డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో మామూలు ప్రోగ్రాములకు దక్కే మెమరీ 640 కిలోబైట్లకు మించేది కాదు. అంత ఇరుకులో రాయవలసి వచ్చింది కనుకనే అనవసరమైనదేదీ లోపలికి రాలేదు. వర్డ్‌స్టార్‌లో ఒక పేరాను జరపాలంటే, కంట్రోల్ నొక్కి కె, బి కొడితే మొదలు గుర్తు పడేది. చివర కె, కె కొట్టి, కావలసిన చోటికి వెళ్ళి కె, వి కొడితే పేరా అక్కడికి వచ్చేసేది. చెయ్యి కీబోర్డు దాటేది కాదు. కోఠీలో ఒక మందుల దుకాణానికి నేను ఫాక్స్‌ప్రోలో బిల్లింగు ప్రోగ్రాము రాసిచ్చాను. కౌంటరు కుర్రవాడు తెర వైపు చూడకుండానే, ఎదుట నిలబడ్డ మనిషితో మాట్లాడుతూ బిల్లు కొట్టేసేవాడు. ఇప్పుడు అదే పనికి మౌసు పట్టుకుని వెతుక్కోవలసి వస్తోంది. పైగా అప్పుడు ఒకసారి కొన్నది మనదే అయ్యేది, నెలనెలా అద్దె కట్టే పని లేదు.

కూకట్‌పల్లి కోడర్: పాతకాపు గారూ, మీరు చెప్పిన వేగం యంత్రం గొప్ప కాదు, పని చిన్నది కావడం వల్ల వచ్చింది. ఒక మనిషి, ఒక ప్రోగ్రాము, నెట్‌వర్కు లేదు. ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు, ఫ్లాపీ మొరాయిస్తే ‘అబార్ట్, రీట్రై, ఫెయిల్’ అన్న వాక్యం తప్ప దిక్కు లేదు. 1986లో లాహోర్‌లో పుట్టిన బ్రెయిన్ వైరస్ ఫ్లాపీల మీదే దేశాలు దాటింది, ఎందుకంటే ఆ వ్యవస్థలో భద్రత అన్న ఊసే లేదు. చోటు ఆదా చేయడానికి సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన పొదుపు, ‘00’ అంటే 1900 అనో 2000 అనో యంత్రానికి తెలియక, 2000 నాటికి ప్రపంచం మెడకు చుట్టుకుంది. ఆ పొదుపు పుణ్యమా అని, పాత ప్రోగ్రాములను దిద్దే పనికి అమీర్‌పేటలో కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్న మనవాళ్ళెందరో అమెరికా వెళ్ళారన్నది వేరే సంగతి.

చిక్కడపల్లి డీటీపీ: మీరిద్దరూ ఇంగ్లీషు పని గురించే వాదించుకుంటున్నారు. మా డీటీపీ వృత్తిలో, అంటే కంప్యూటరు మీద అచ్చుకు పేజీలు కూర్చే పనిలో, ఈ ప్రశ్న మమకారానికి సంబంధించినది కాదు. ప్రపంచ లిపులకు ఉమ్మడి సంకేతాల పట్టిక అయిన యూనికోడ్ తొలి కూర్పులోనే, అంటే 1991లోనే, తెలుగుకు చోటు దక్కింది. అదే ఏడు మన లిపులకు అలాంటి పట్టిక అయిన ఇస్కీ కూడా భారతీయ ప్రమాణంగా వెలువడింది. అయినా పేజ్‌మేకర్ అనే పేజీలు అమర్చే ప్రోగ్రాముతో పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు చేసిన మేము వాడినవి ఆ రెండూ కావు. ఇంగ్లీషు అక్షరాలు ఉండవలసిన గళ్ళలో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తులను ముక్కలుగా పేర్చిన ఫాంట్లు మావి. ఏ గడిలో ఏ ముక్క అన్నదానికి ఒక్కో కంపెనీది ఒక్కో పట్టిక. అందువల్ల ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు కలగాపులగంగా కనబడతాయి. ఫాంటు ఉన్నా ఒక మాటను వెతకడం కుదరదు, ఎందుకంటే యంత్రం దృష్టిలో అక్కడున్నది తెలుగే కాదు. కొన్ని సాఫ్ట్‌వేర్లకైతే ప్రింటరు తగిలించే ప్యారలల్ పోర్టుకు పెట్టే లాక్ అనే చిన్న పరికరం ఉండేది, అది లేకపోతే ప్రోగ్రామే తెరుచుకోదు. అందుకే విండోస్ 98 ఉన్న డబ్బాను ఇంకా నడుపుతున్నాను. అది మేలైనదని నేను అనను. దానిలో ఉన్న పుస్తకాలు మరెక్కడా తెరుచుకోవు, అంతే.

కూకట్‌పల్లి కోడర్: యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కదండీ? డాస్ ప్రోగ్రాములను ఇప్పటి యంత్రాల్లో నడపడానికి డాస్‌బాక్స్ కూడా ఉంది.

చిక్కడపల్లి డీటీపీ: ఉన్నాయి. కానీ కన్వర్టర్‌కు పాఠం అందించాలంటే ముందు పేజ్‌మేకర్ ఫైలు తెరుచుకోవాలి. ఆ తరువాత కూడా సంయుక్తాక్షరాల దగ్గర ఒత్తులు తారుమారవుతాయి, పుస్తకమంతా మళ్ళీ ప్రూఫు చూడక తప్పదు. ఆ ఖర్చు పెట్టుకునే ప్రచురణకర్తలు తక్కువ. డబ్బా నడుస్తుండగానే ప్రతి పుస్తకాన్నీ పీడీఎఫ్‌గా తీసి పెట్టండని అడిగినవారికల్లా చెబుతున్నాను. అందులోనూ వెతకడం కుదరదు గానీ, కనీసం చదువుకోవచ్చు.

పాతకాపు: మీ ఇబ్బందికి కారణం పాత సాఫ్ట్‌వేర్ కాదండీ, పట్టికను ఎవరికి వారు దాచుకోవడం. ఫాక్స్‌ప్రో వివరాలు దాచే నా డీబీఎఫ్ ఫైళ్ళను లిబ్రే ఆఫీసు అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఈరోజుకీ తెరుస్తోంది, ఎందుకంటే ఆ ఫైలు లోపలి అమరిక అందరికీ తెలిసినదే. వర్డ్‌స్టార్‌కు మాత్రం నేను వకాల్తా పుచ్చుకోను. దాని పాత కూర్పులు ప్రతి మాట చివరి అక్షరంలో ఒక బిట్ మార్చి దాచుకునేవి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఆ చివరి అక్షరాలన్నీ పిచ్చిగుర్తులే. మేలేదో, కాదో ఒక్కో ప్రోగ్రామును పట్టి చూడాలి గానీ, ఆ కాలాన్నంతా ఒకే గాటన కట్టడం కుదరదు.