ఐసు క్రషర్ గేర్‌బాక్సులో లారీ గేర్ ఆయిల్ పోయవచ్చా?

ప్రశ్న (ఐసు ఫ్యాక్టరీ, విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర):
నమస్కారం. వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది, ఆలోగా క్రషర్ సిద్ధం కావాలి. దాని వార్మ్ గేర్‌బాక్సు (మరలాంటి ఇరుసు పళ్లచక్రాన్ని తిప్పేది) సీలు కారి ఆయిల్ సగానికి దిగిపోయింది. రేకు మీద ఐఎస్ఓ వీజీ 460 (ఆయిల్ చిక్కదనం సంఖ్య) అని ఉంది. లారీ డిఫరెన్షియల్‌కు (వెనక ఇరుసులోని గేర్లకు) కొన్న 85డబ్ల్యూ-140 (ఎస్ఏఈ చిక్కదనం) జీఎల్-5 (గేర్ ఆయిల్ తరగతి) డబ్బా మిగిలి ఉంది. చిక్కదనాలు పోల్చే చార్టులో 460కి ఎదురుగా 140 అనే కనబడుతోంది. పోయవచ్చా? ఇంకొకటి: మా వ్యాను గేర్‌బాక్సుకు పుస్తకంలో 80డబ్ల్యూ-90 జీఎల్-4 అని ఉంటే, కొట్టులో జీఎల్-5 అంతకన్నా మేలంటున్నారు. నిజమేనా?

జవాబు (గేర్‌బాక్సుల మరమ్మతు, ఆటోనగర్):
రెండింటికీ వద్దనే చెబుతాను సార్. చార్టు చెప్పేది చిక్కదనం ఒక్కటే. ఐఎస్ఓ సంఖ్యను 40 డిగ్రీల దగ్గర, గేర్ ఆయిల్ ఎస్ఏఈ సంఖ్యను 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు. 90 అంటే దాదాపు 220, 140 అంటే దాదాపు 460 అని అందులో పక్కపక్కన వేస్తారు. అది సరే, లోపల ఏ లోహం తిరుగుతోందో చార్టుకేం తెలుసు?

మీ వార్మ్ ఉక్కుది, దానితో కలిసి తిరిగే చక్రం గన్‌మెటల్‌ది (రాగి, తగరం కలిసిన లోహం) అయి ఉంటుంది. జీఎల్-5లో గంధకం, భాస్వరం మందులు ఎక్కువ. డిఫరెన్షియల్ పళ్లు ఒత్తిడిలో ఒకదానిపై ఒకటి జారినప్పుడు ఉక్కును కాపాడేది అవే. వార్మ్ బాక్సు సహజంగానే వేడెక్కుతుంది. ఆ వేడిలో అదే గంధకం గన్‌మెటల్‌ను నల్లబరిచి మెల్లగా తినేస్తుంది. ఆయిల్ దింపినప్పుడు బంగారు రంగు తళుకులు కనిపిస్తే చక్రం అరుగుతోందని అర్థం.

వ్యానుదీ ఇదే కథ. గేరు మార్చేటప్పుడు పట్టుకునే సింక్రోనైజర్ రింగులు చాలా బాక్సుల్లో ఇత్తడివే. జీఎల్-5 వాటిని తినవచ్చు. పైగా జారుడు ఎక్కువై రింగు పట్టక, గేరు పడేటప్పుడు గరగరమంటుంది. 5 అనేది 4 కన్నా పెద్ద తరగతి కాదు, వేరే పని. కొట్టువాళ్లు దీన్ని పరీక్ష మార్కుల్లా చూస్తారు, అదే తంటా.

ప్రశ్న అడిగినవారు:
మరి ఏది కొనాలి? దింపి చూస్తే పాత ఆయిల్ మజ్జిగలా ఉంది.

ఆటోనగర్ సభ్యుడు:
నీళ్లు చేరాయి. ఐసు ఫ్యాక్టరీలో కరిగిన నీరు సీలు దగ్గర నుంచి, తేమ గాలి బ్రీదర్ (గాలి ఆడే రంధ్రం) నుంచి వెళ్తాయి. పైన పోసి సరిపెట్టకండి. మొత్తం దింపి, సీలు మార్చి, బ్రీదర్ శుభ్రం చేసి, అడుగున మిగిలిన జిడ్డు కడిగాకే కొత్తది పోయండి. గన్‌మెటల్‌కు పనికొచ్చే పారిశ్రామిక గేర్ ఆయిల్, వీజీ 460, ఏ కంపెనీదైనా ఫరవాలేదు. వివరాల కాగితంలో కాపర్ స్ట్రిప్ పరీక్ష (ఆయిల్ రాగిని ఎంత నల్లబరుస్తుందో చూసేది) ఫలితం 1ఏ లేదా 1బీ ఉందో చూడండి. ఇలాంటివి నీటిని త్వరగా అడుగుకు వదులుతాయి, మీ చోట అదే ముఖ్యం.

రేకు మీద పాలిగ్లైకాల్ (ఒక రకం సింథటిక్ ఆయిల్) అని ఉంటే మాత్రం మినరల్ ఆయిల్ చుక్క కూడా కలపవద్దు. రెండూ కలిస్తే జిగురు ముద్దవుతుంది.

మరొక సభ్యుడు (కన్వేయర్ల నిర్వహణ, గాజువాక):
ఒక చిన్న సవరణ. హెలికల్ (ఏటవాలు పళ్ల గేర్ల) బాక్సులో లోపలంతా ఉక్కే అయితే జీఎల్-5 వల్ల వెంటనే ముప్పు రాదు. ఆపద వేళ నడిపి, తరువాత సరైనది పోసుకోవచ్చు. అయితే బెల్టు వెనక్కి తిరగకుండా లోపల బ్యాక్‌స్టాప్ ఉంటే గ్రాఫైట్, మాలిబ్డినం కలిపిన ఆయిల్ వాడకండి, అది పట్టు జారవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
రేకు మీద పాలిగ్లైకాల్ అని లేదు. రేపు 460 తెస్తాను. ఎంత పోయాలి?

ఆటోనగర్ సభ్యుడు:
లెవెల్ ప్లగ్గు విప్పి, అక్కడి నుంచి కారేదాకా పోయండి. మూతదాకా నింపితే ఆయిల్ చిలికి నురగ కడుతుంది, బాక్సు ఇంకా వేడెక్కుతుంది. కాసేపు ఖాళీగా తిప్పి, ఆపి, మళ్లీ చూడండి. మిగిలిన జీఎల్-5 డబ్బా మీద ‘లారీకి మాత్రమే’ అని రాసి పెట్టండి, రాత్రి షిఫ్టువాళ్లు పోసేయకుండా.