హైస్కూల్ పిల్లలకి ఆరోగ్యం మీద ట్రైనింగ్ ఇవ్వాలంటే ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

బయోసైన్స్ సార్:
అందరికీ నమస్తే. కోనసీమలో ఓ జెడ్పీ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. వానలు మొదలైతే మా ఊళ్ళో జ్వరం లేని ఇల్లుండదు, కిందటేడు డెంగ్యూ కూడా గట్టిగానే తగిలింది. తొమ్మిదో క్లాసు పిల్లల్లో ఓ పదిహేను మందిని ఊళ్ళో వాళ్ళకి ఆరోగ్యం సంగతులు చెప్పేలా తయారుచేద్దామని ఉంది (పదో క్లాసు జోలికెళ్తే హెచ్‌ఎం గారు ఊరుకోరు). ఇప్పటిదాకా జరిగేది తెలుసుగా, ప్లకార్డులు పట్టుకుని ర్యాలీ, ఓ వ్యాసరచన పోటీ, ఫొటోలు వాట్సాప్ గ్రూపులో, అక్కడితో సరి. 2020లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ స్కూల్ హెల్త్ ప్రోగ్రాంలో స్కూలుకి ఇద్దరు టీచర్లు అంబాసిడర్లు, పిల్లలు మెసెంజర్లు అన్నారు, పోషకాహారం నుంచి ఇంటర్నెట్ వాడకం దాకా 11 అంశాలిచ్చారు. పుస్తకం బాగానే ఉంది గానీ పిల్లాడు ఒకరి గుమ్మంలో నిలబడి ఏం మాట్లాడాలన్నదే తేలట్లేదు. చేసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

ఏఎన్‌ఎం అక్క:
సార్, 11 పక్కన పెట్టి ముందు ఒక్కటి పట్టుకోండి, దోమ. ఫ్రైడే డ్రైడే (ప్రతి శుక్రవారం తొట్లు, డ్రమ్ములు ఒంపి ఆరబెట్టడం) అని మేము ఎంత గొంతు చించుకున్నా "సరేలే అమ్మా" అని పంపించేస్తారు. అదే పిల్లలు వెళ్తే కథ వేరు. ఒక టార్చి, తెల్ల గిన్నె, గరిటె ఇవ్వండి చాలు. నీళ్ళ తొట్టిలో టార్చి కొడితే లార్వాలు గిలగిలా కిందకి పోతాయి, ఓ గరిటెడు తీసి తెల్ల గిన్నెలో పోసి ఆ ఇంటావిడకే చూపించమనండి. మా ఏరియాలో ఒకావిడ "మా ఇంట్లో దోమలెందుకుంటాయి, మంచినీళ్ళే కదా" అంది, గిన్నె చూశాక ఆవిడే డ్రమ్ము ఒంపేసింది. డెంగ్యూ దోమ మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది, కుట్టేది కూడా ఎక్కువగా పగలే, ఈ రెండూ చాలామందికి తెలీదు. గుడ్డు దోమయ్యేదానికి ఇంచుమించు వారం పది రోజులు పడుతుంది, అందుకే వారానికోసారి ఒంపమనేది. ఒంపడంతో అయిపోదు, గుడ్లు తొట్టి గోడకి అంటుకుని నీళ్ళు లేకపోయినా నెలల తరబడి బతికుంటాయి, పీచుతో గోడ రుద్దాలి. కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, కూలర్, ఫ్రిజ్ వెనకాల ట్రే, ఇవి మర్చిపోతారు. మందు పోయడం మాత్రం పిల్లలకి అప్పజెప్పకండి, అది మా పని.

నల్లగొండ నాన్న:
మంచిగనే ఉంది గని సార్, ఒక్క మాట. మా బిడ్డ స్కూల్ల గిట్లనే ఆరోగ్య సర్వే అని పెట్టిన్రు. పక్కింటోళ్ళకి షుగర్ ఉందా, బీపీ ఉందా, ఎవరు తాగుతరు, అన్ని నోటుబుక్కుల రాస్కొచ్చింది. ఆ నోటుబుక్కు క్లాసంత తిరిగింది. తెల్లారి పక్కింటామె మా గడపల నిలబడి లొల్లి. అప్పటిసంది మాటల్లేవ్. పిల్లలని రోగాలు అడగనియ్యకున్రి, తెలిసింది చెప్పనియ్యున్రి. మా దిక్కు ఫ్లోరైడ్ ఉండె, గా బోరునీళ్ళు తాగకున్రి అని చెప్పెటందుకు ఎవని పేరు రాసుడు అవసరమా చెప్పున్రి.

నర్సింగ్ ఫైనలియర్:
పైన నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంటర్లో ఉండగా ఆర్‌కేఎస్‌కే (కౌమార వయసు పిల్లల ఆరోగ్యానికి కేంద్రం పెట్టిన కార్యక్రమం) కింద పీర్ ఎడ్యుకేటర్‌ని, అంటే తోటి పిల్లలకి చెప్పేదాన్ని, అది 2014లో మొదలైన స్కీం. మాకు మొదట నేర్పిందే ఇది, ఎవరైనా సొంత విషయం చెప్తే ఇంకొకరి దగ్గర నోరు విప్పకూడదని. నాకు బాగా కుదిరింది ఐరన్ మాత్రల సంగతి. వారానికోసారి ఇచ్చే ఆ నీలం మాత్ర మా క్లాసులో సగం మంది కిటికీలోంచి విసిరేసేవాళ్ళు, ఎందుకంటే కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా అవుతుంది, పైగా అది వేసుకుంటే పిల్లలు పుట్టరని ఎవరో పుట్టించారు. మేడం చెప్తే తలూపేవాళ్ళు, మళ్ళీ కిటికీయే. నేను మధ్యాహ్న భోజనం అయ్యాక వాళ్ళతో పాటే కూర్చుని వేసుకునేదాన్ని, నల్లగా వస్తే భయం లేదే, అది ఐరనే అని చెప్పేదాన్ని, అంతే. దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే)లో ఉంది, అంటే క్లాసులో సగం బెంచీల పైనే. సార్, మీ బ్యాచ్‌లో సగం మంది అమ్మాయిలుండేలా చూడండి, నెలసరి గురించి మగపిల్లాడొచ్చి చెప్తే ఎవరూ వినరు. అలాగని ఫస్ట్ ర్యాంకు వాళ్ళనే ఏరకండి, అందరితో కబుర్లాడే వాళ్ళు కావాలి.

పీహెచ్‌సీ డాక్టర్:
పిల్లలు చేయకూడనివి ముందే తేల్చేయండి. మందు పేరు చెప్పకూడదు, జ్వరమొస్తే ఫలానా బిళ్ళ వేసుకోండి అనకూడదు. "రెండు వారాలు దాటి దగ్గుంటే టీబీకి గళ్ళ పరీక్ష చేయించుకోండి, పీహెచ్‌సీలో ఉచితం", ఇంతవరకే. ఇంకోటి, మీది పొలాల ఊరు కాబట్టి పాముకాటు తప్పకుండా పెట్టండి. తాడు గట్టిగా బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు మంత్రం అంటూ తిరగొద్దు. కాటు పడ్డ కాలూ చెయ్యీ కదలకుండా కర్ర ఆసరా పెట్టి కట్టి, 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తేవాలి, విరుగుడు ఇంజెక్షన్ అక్కడే. క్లాసులో ఒకణ్ణి పడుకోబెట్టి మిగతా వాళ్ళతో చేయించండి, లెక్చర్ వద్దు. మా దగ్గరికొచ్చే కేసుల్లో తాడు బిగించి తెచ్చినవే చూసి విసుగొస్తోంది.

బయోసైన్స్ సార్:
చాలా థాంక్సండీ అందరికీ. నోటుబుక్కు లేదు, పేర్లు లేవు, ఖాయం. ముందు వర్షాకాలం అంతా దోమ మీదే, ఆ తర్వాత పాముకాటు. అక్కా, ఆ గరిటెలో వచ్చిన లార్వాలు కొన్ని సీసాలో మూతకి బట్ట కట్టి ల్యాబులో ఉంచుకోవచ్చా? దోమయ్యేదాకా పిల్లలకి చూపిద్దామని. ఇంకా పేరెంట్స్ దగ్గర సంతకం తీసుకోవాలా, హెచ్‌ఎం గారి పర్మిషన్ ఒక్కటి సరిపోతుందా?

ఏఎన్‌ఎం అక్క:
ఉంచుకోండి, బట్ట మాత్రం రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండుతో బిగించండి, చూపించాక ఎగరనివ్వకుండా సబ్బునీళ్ళు పోసేయండి. సంతకం తీసుకోండి సార్, ఊళ్ళోకి పంపిస్తున్నారుగా. మీ ఏఎన్‌ఎం గారిని, ఆశాని కూడా ఒకసారి స్కూలుకి పిలవండి, ఏ వీధిలో కేసులు ఎక్కువొచ్చాయో వాళ్ళకే తెలుసు.